కండూతి కంఠీరవుడి కోట

దూరం నుంచి చూసినవాళ్లకు ధూమ్రదుర్గం భయంకరంగానే ఉంటుంది. నల్లరాతి కొండ నెత్తిన నల్లరాతి ప్రాకారం. ప్రాకారం మీద ఇరవై నాలుగు బురుజులు. ప్రతి బురుజు మీదా నోరు తెరుచుకున్న రాక్షసముఖం, ఆ నోట్లోంచి సుళ్లు తిరుగుతూ పైకి లేచే పొగ. ఆ పొగ సూర్యుణ్ణి కప్పేసి కింద లోయనంతటినీ బూడిదరంగులో ముంచేస్తుంది. కోట చుట్టూ లోతైన అగడ్త, అందులో మొసళ్లు. ద్వారానికి అటూ ఇటూ ఏనుగంతెత్తు పుర్రెలు రెండు, వాటి కంటిగుంతల్లో ఆరని మంటలు.

కరివీరుడు దగ్గరికి వచ్చి చూశాడు. పుర్రెలు సున్నంతో చేసినవి. ఒకదాని దవడ వానకు ఊడిపోతే బంకమట్టితో అతికించారు. రాక్షసముఖాల వెనక పచ్చి పిడకలు రాజేస్తున్న మనుషుల దగ్గు అగడ్త దాకా వినిపిస్తోంది. మొసళ్లు మాత్రం నిజమైనవే. అయితే ఎవరో మేపి మేపి వాటిని కదలలేనంత లావు చేశారు.

"ఈ బొమ్మలకొలువు చూసేనా ఏడు రాజ్యాలూ వణికిపోతున్నాయి?" అనుకున్నాడు కరివీరుడు. నెత్తిన ఉన్న పెద్ద తలపాగా సర్దుకుని, నుదుటి విభూతి చెదరకుండా చెమట అద్దుకుని, వంతెన మీదికి నడిచాడు.

అతను మణిశిలా రాజ్యపు గజశాలలో మావటి. తొమ్మిది రోజుల కింద ఈ కోటను ఏలే మాంత్రికుడు వికటదంష్ట్రుడి మనుషులు అతని ప్రాణస్నేహితుడు మంజీరుణ్ణి పట్టపగలు దుకాణంలోంచి ఎత్తుకుపోయారు. మంజీరుడు తాళాలు చేసే కమ్మరి. చెయ్యని నేరానికి కరివీరుణ్ణి ఒకప్పుడు చెరలో వేస్తే, ఒంటరిగా వచ్చి చెర తాళం విప్పి తీసుకుపోయినవాడు. ఆ సంగతి తలచుకునే కరివీరుడు సేనాపతి దగ్గరికి పరుగెత్తి, నలభై మంది రౌతులను ఇమ్మని అడిగాడు. సేనాపతి అద్దంలో మీసం చూసుకుంటూ, "ఒక కమ్మరి కోసమా?" అన్నాడు. రౌతులంతా వచ్చే నెల ఊరేగింపుకు తర్ఫీదు పొందుతున్నారని కూడా చెప్పాడు. ఎత్తిన కాలు దించని ఏనుగును చూసినట్టు కరివీరుడు అతన్ని కాసేపు చూసి బయటికి వచ్చేశాడు.

సైన్యం లేకపోయినా అతని దగ్గర ఒక వరం ఉంది. ఊబిలో దిగబడిన ముసలి ఏనుగును మూడు పగళ్లు పెనుగులాడి ఒడ్డుకు లాగితే, అది శాపం తీరి గంధర్వుడై అతనికి ఇచ్చిన వరం. ఊపిరి బిగబట్టినంతసేపు అతనికి ఏడు ఏనుగుల బలం వస్తుంది. ఊపిరి వదిలాడా, పోతుంది. నూరు లెక్కపెట్టేవరకు మళ్లీ రాదు.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు ద్వారం దగ్గర కాపలావాడు, ఈటె అడ్డం పెట్టి.

"వాగీశభట్టును. మీ ప్రభువుల కీర్తి మా ఊరిదాకా వచ్చింది. స్తోత్రం చేసి పోదామని బయలుదేరాను."

"పొగడ్డానికి ఇంత దూరం వచ్చావా?"

"దగ్గర్లో పొగడదగ్గవాడు దొరకలేదు నాయనా."

కాపలావాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. వాళ్లలో పెద్దవాడు గొంతు తగ్గించాడు. "పేరు సరిగ్గా చెప్పు భట్టూ. మా ప్రభువులకు పేరు ముఖ్యం. పోయినసారి వచ్చిన కవి ప్రాస తప్పాడు. అదుగో, వాకిట్లో ఉన్నాడు."

వాకిట్లో చెయ్యెత్తి, నోరు తెరిచి నిలబడ్డ రాతిమనిషి ఉన్నాడు. పక్కన ఇంకా పదిహేను ఇరవై రాతిబొమ్మలు. ఒకడు పారిపోతున్నట్టు, ఒకడు దణ్ణం పెడుతున్నట్టు. కరివీరుడు వాటి మధ్య నుంచి నడుస్తూ, శిల్పి పనిమంతుడే కానీ అతన్ని పోషించినవాడు మాత్రం వట్టి ఆడంబరగాడు అనుకున్నాడు. భయపెట్టడానికి రాతిబొమ్మలు చెక్కించుకునేవాడి మీద అతనికి ఉన్న కాస్త జంకు కూడా పోయింది.

సభామండపంలో వికటదంష్ట్రుడు సింహాల ఎముకలతో చేసిన గద్దె మీద కూర్చున్నాడు. జంతువుల మధ్య పుట్టి పెరిగిన కరివీరుడికి అవి మేక ఎముకలని చూడగానే తెలిసింది. మాంత్రికుడు సన్నటి మనిషి. ఒంటినిండా పులిచర్మం, మెడలో రుద్రాక్షలూ పాము కుబుసాలూ, చేతిలో మనిషెత్తు నల్లటి దండం. పెదవుల మీదుగా రెండు కోరలు కిందికి దిగి ఉన్నాయి. వాటిని లక్కతో అతికించారు. మాట్లాడేటప్పుడు ఎడమ కోర ఊగుతుంటే బొటనవేలితో ఆనించి పట్టుకుంటున్నాడు. గద్దె పక్కన కోట దళపతి కుంభోదరుడు, గడ్డానికి రంగు వేసుకుని, బొజ్జ మీద బిగుతైన కవచంతో, ఊపిరి ఆడక నిలబడి ఉన్నాడు.

"మొదలుపెట్టు," అన్నాడు వికటదంష్ట్రుడు. "ప్రాస చూసుకో."

కరివీరుడికి కవిత్వం రాదు. కానీ గజశాలలో వైద్యుడు ఏనుగుల రోగాల గ్రంథం రోజూ పెద్దగొంతుతో చదువుతుంటే ఇరవై ఏళ్లుగా విన్నాడు. ఆ పేర్లన్నీ అతనికి కంఠతా వచ్చు. కుడిచెయ్యి పైకెత్తి, గొంతు బొంగురు చేసి, ఎత్తుకున్నాడు.

"పాదశోష ప్రభంజనా, కర్ణకీట కిరీటధారీ, అగ్నిమాంద్య మార్తాండా, కండూతి కంఠీరవా, జయము జయము."

అంటే కాళ్లు ఎండిపోయే జబ్బూ, చెవిలో పురుగులూ, తిన్నది అరక్కపోవడం, ఒంటి దురద. సభలో ఉన్నవాళ్లలో ఒక్కడికీ అర్థం కాలేదు. వికటదంష్ట్రుడు కళ్లు మూసుకుని తల ఊపాడు.

"విన్నావా కుంభోదరా? కండూతి కంఠీరవుడట. ఆ మాటలో బరువు చూశావా?"

"చూశాను ప్రభూ. ఒళ్లు జలదరించింది."

"మళ్లీ అను భట్టూ. ఆ చివరిది."

కరివీరుడు మూడుసార్లు అన్నాడు. మూడోసారికి సభంతా గొంతు కలిపింది. నవ్వు ఆపుకోలేక అతను తల వంచుకుంటే, అది వినయమనుకుని వికటదంష్ట్రుడు మరింత పొంగిపోయాడు.

"నీకేం కావాలో కోరుకో."

"తమరి కోట కింద శరభం ఉందని విన్నాను. దాని మీద తమరు ఎక్కి కూర్చున్నట్టు ఒక దండకం కట్టాలని ఉంది. ఒక్కసారి కళ్లారా చూస్తే..." అన్నాడు కరివీరుడు. మంజీరుణ్ణి ఎత్తుకుపోయింది దాని తాళం విప్పించడానికేనని అతను దారిలో విన్నాడు.

"చూడు. మధ్యాహ్నానికి నిజంగానే ఎక్కుతాను. అదీ కలిపి కట్టు."

గద్దె వెనక తలుపు తీస్తే కిందికి మెట్లు. నూట యాభై మెట్లు దిగాక కొండ కడుపులో పెద్ద గుహ. గుహకు తూర్పున అగాధం మీదికి తెరుచుకున్న పెద్ద నోరుంది. పైకప్పు చీలికలోంచి ఒక ఎండ చార నేల మీద పడుతోంది.

ఆ చార పక్కన శరభం పడుకుని ఉంది.

ఇంతసేపూ ఈ కోటలో కరివీరుడికి కళ్లు పెద్దవి చేసుకుని చూడాలనిపించిన వస్తువు ఒక్కటీ కనిపించలేదు. ఇప్పుడు కనిపించింది. సింహపు ముఖం, రాగి కరిగించి పోసినట్టు మెరిసే జూలు, ఏనుగు కంటే రెండింతలున్న దేహం, దేహం కింద ఒద్దికగా ముడుచుకున్న ఎనిమిది కాళ్లు. ఒక కొండ మీద నుంచి ఇంకో కొండ మీదికి ఒక్క దూకులో పోతుందని చెబుతారు. అది ఊపిరి తీసినప్పుడల్లా గుహలో గాలి కదులుతోంది. మెడ చుట్టూ తొడంత లావు గొలుసు. గొలుసు చివర, నేలలో దిగేసిన ఇనుపదిమ్మెకు, గుమ్మడికాయంత తాళం. పూర్వం ఏ మహర్షో వేసిన ఏడు పళ్ల తాళం. దాన్ని విప్పగల చెయ్యి ఏడు రాజ్యాల్లో ఒక్కటే ఉంది.

ఆ చేతి మనిషి తాళం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కాలికి సంకెల. చుట్టూ ఆరుగురు భటులు. పొట్టి మనిషి, ఒక కాలు కాస్త కురచ. తాళం వైపు చూసేటప్పుడు ఎడమ కన్ను సగం మూస్తాడు. తొమ్మిది రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి.

మంజీరుడు తలెత్తి చూశాడు. కరివీరుణ్ణి గుర్తుపట్టాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"ఎవరీయన?"

"భట్టుగారు," అన్నాడు కుంభోదరుడు. "ప్రభువుల మీద దండకం కడతారు."

"ఆ తలపాగా ఎవరు చుట్టారు? ఏనుగు కాలికి కట్టు కట్టినట్టుంది."

"కమ్మరివాడికి కవుల సంగతి ఏం తెలుసులే," అన్నాడు కరివీరుడు.

వికటదంష్ట్రుడు దండంతో నేల మీద కొట్టాడు. "తాళం ఏమయింది?"

"వస్తుంది."

"తొమ్మిది రోజుల నుంచీ ఇదే మాట."

"నీ కర్ర ఊపితే వచ్చేదైతే నన్నెందుకు మోసుకొచ్చావు? కూర్చో. లేకపోతే నువ్వే విప్పుకో."

వికటదంష్ట్రుడు ఎడమ కోరను వేలితో అదిమి, ఎండ చార వైపు చూపించాడు. అది తాళానికి జానెడు దూరంలో ఉంది. "ఆ ఎండ తాళం మీద పడేసరికి నడిమధ్యాహ్నం. అప్పటికి రాకపోతే నువ్వు ఇక్కడే ఉంటావు. ఎప్పటికీ. వచ్చిందో, శరభం మీద ఎక్కి ముందు మీ మణిశిలనే తొక్కిస్తాను. ఏది జరిగినా నాకు సంతోషమే."

అప్పుడే వరసలో చివరి భటుడు తుమ్మాడు. పిడకల పొగ గొంతులో పడిందేమో, ఆపుకోలేకపోయాడు. మాంత్రికుడు తల తిప్పనైనా తిప్పకుండా దండం అటు చూపి, "చిత్రకా," అన్నాడు.

పాదాల నుంచి పైకి ఒక బూడిదరంగు పాకింది. తుమ్ము పూర్తికాని మొహం అలాగే ఆగిపోయింది. చేతిలోని ఈటె జారి రాతి పాదం మీద పడి టంగుమంది. మిగతా అయిదుగురూ ముందుకే చూస్తూ నిలబడ్డారు.

కరివీరుడి పెదవుల మీద ఇంతసేపూ ఉన్న నవ్వు పోయింది. వాకిట్లో తను నిర్లక్ష్యంగా దాటి వచ్చిన బొమ్మలన్నీ కళ్ల ముందు నిలబడ్డాయి. ఆ కోటలో సున్నం పుర్రెలు అబద్ధం, మేక ఎముకలు అబద్ధం, కోరలు అబద్ధం. ఆ దండం మాత్రం నిజం. పేరు పలికితే చాలు.

మాంత్రికుడి మీద అతనికి అసహ్యం తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఇంత శక్తి చేతిలో ఉండి తుమ్మినవాడి మీద వాడుకునేవాడు వీడు.

ఎండ చార తాళం అంచును తాకింది.

"వేళయింది," అన్నాడు వికటదంష్ట్రుడు. దండం లేచింది. "మంజీ..."

కరివీరుడు ఊపిరి బిగబట్టాడు. మధ్యలో ఉన్న ఇరవై అడుగుల నేలను ఒక్క దూకులో దాటి, తలపాగా కొంగు ముద్దచేసి మాంత్రికుడి నోట్లో కుక్కాడు. ఎడమ కోర పటుక్కున ఊడింది. మిగిలిన అక్షరం గుడ్డలో ఇరుక్కుపోయింది. అదే చేత్తో వాణ్ణి పిల్లిని విసిరినట్టు గోడవైపు విసిరి, కరివీరుడు మంజీరుడి దగ్గరికి ఉరికాడు. కాలి సంకెలను రెండు చేతులా పట్టి లాగితే జొన్నకంకిలా తెగింది. ఇద్దరు భటులు ఈటెలతో మీద పడ్డారు. ఈటెలతో సహా వాళ్లను పైకెత్తి మూడోవాడి మీద పడేశాడు. నాలుగోవాడు, అయిదోవాడు మెట్లెక్కి పారిపోయారు. కుంభోదరుడు కత్తి దూశాడు. కరివీరుడు ఆ కత్తిని పిడికిట్లో పట్టుకుని చుట్టచుట్టాడు.

అక్కడితో ఊపిరి అయిపోయింది.

బలం ఒక్కసారిగా ఒంట్లోంచి జారిపోయింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు. కుంభోదరుడు చుట్టచుట్టుకుపోయిన కత్తి వంక ఒకసారి చూసి, దాన్ని పారేసి, తన మొత్తం బరువుతో అతని వీపు మీద కూర్చున్నాడు.

గోడ దగ్గర వికటదంష్ట్రుడు దగ్గుతూ, ఉమ్ముతూ, నోట్లోంచి తలపాగా లాక్కుంటున్నాడు. అది మూర తర్వాత మూరగా వస్తూనే ఉంది. చివరకు వచ్చింది. ఒక కోరతో లేచి నిలబడి, దండం కరివీరుడి వైపు చాచాడు.

"వాగీశభట్టూ."

ఏమీ కాలేదు.

మాంత్రికుడు పెదవులు తడుముకున్నాడు. కోర లేనందువల్ల పేరు సరిగ్గా పలకలేదనుకున్నాడు. అక్షరం అక్షరం విడదీసి మళ్లీ అన్నాడు. మూడోసారి దీర్ఘం తీసి అన్నాడు. కుంభోదరుడి బరువు కింద నలుగుతూ కూడా కరివీరుడికి నవ్వొచ్చింది.

"ఇంకా గట్టిగా అను ప్రభూ. మా ఊళ్లో వాగీశభట్టు ఎవరైనా ఉంటే అతనికి వినిపించాలిగా."

వికటదంష్ట్రుడికి అప్పుడు తెలిసింది. మొహం నల్లబడింది. దండం మంజీరుడి వైపు తిప్పాడు.

మంజీరుడు తాళం మీద కుడిచెయ్యి వేసి కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి పంచె మడతల్లో ఉంది.

"ఒక్క నిమిషం ఆగు," అన్నాడు తీరిగ్గా. "తాళం రాలేదని కదా నీ బాధ. ఇది మొదటి రోజే వచ్చింది. నీ మొహం చూశాక నీకు చెప్పబుద్ధి కాలేదు."

తాళం కొక్కేన్ని వేలితో పైకి లేపాడు. గొలుసు గలగలమని జారి నేల మీద పడింది.

శరభం కళ్లు తెరిచింది. అవి తేనెరంగులో ఉన్నాయి. మెడ ఒకసారి అటూ ఇటూ ఆడించింది. గొలుసు లేదు. ఎనిమిది కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి నేల మీద మోపి లేచి నిలబడితే దాని జూలు పైకప్పును తాకింది. చీలికలోంచి రాళ్లు రాలాయి. కుంభోదరుడు కరివీరుడి వీపు మీద నుంచి లేచి, అంత బొజ్జతో అంత వేగం ఎలా సాధ్యమో గానీ, నూట యాభై మెట్లూ ఎక్కేశాడు.

వికటదంష్ట్రుడు పారిపోలేదు. అతనికి పన్నెండేళ్లుగా ఇదే కల. దండం పైకెత్తి, శరభం ఎదుట నిలబడి, వశీకరణ మంత్రం చదివాడు. ఇంకోసారి చదివాడు. "మోకరిల్లు," అన్నాడు. "నేను నీ యజమానిని. వికటదంష్ట్రుణ్ణి."

శరభం తల దించి అతన్ని చూసింది. కోపం లేదు, ఆకలి లేదు. తినదగ్గదేనా అని వాసన చూడనైనా చూడలేదు. చూపు అతని మీద నుంచి పక్కనున్న రాయి మీదికి వెళ్లింది. రెండింటి మధ్యా తేడా కనిపించినట్టు లేదు. తర్వాత అది అతన్ని దాటుకుని నడిచింది. మొదటి కాలు అతని నెత్తి మీదుగా పోయింది. రెండోది, మూడోది కూడా. ఏడో కాలు దాటేసరికి వికటదంష్ట్రుడు బోర్లాపడి ఉన్నాడు. ఎనిమిదో కాలు అతని పక్కన పడింది. దాని కింద నల్లదండం పిండి అయింది.

"ఎక్కరా," అని అరిచాడు కరివీరుడు. నూరు లెక్క అయిపోవడంతో మళ్లీ ఊపిరి బిగబట్టి, స్నేహితుణ్ణి నడుం పట్టి పైకి తోసి, జూలు పట్టుకుని తనూ ఎగబాకాడు. శరభం గుహ నోటి దగ్గర ఒక్క క్షణం ఆగి, బయటి గాలి పీల్చి, అగాధం మీదికి దూకింది.

కొండలు కిందికి పోయాయి. పిడకల పొగ చీలిపోయింది. బురుజుల మీద మనుషులు నోళ్లు తెరుచుకుని చూస్తుంటే రాక్షసముఖాలకూ వాళ్లకూ తేడా తెలియలేదు. శరభం ఎదుటి శిఖరం మీద వాలి, వాలీవాలకముందే మళ్లీ లేచింది. రెండో శిఖరం, మూడో శిఖరం. చెవుల్లో గాలి హోరు.

"తొమ్మిది రోజులా?" అన్నాడు మంజీరుడు. "నడిచి వచ్చావా?"

"సేనాపతి దగ్గరికి పోయాను ముందు."

"అక్కడికెందుకు పోయావురా? ఊరేగింపులో పూలు చల్లడానికా?"

కరివీరుడు నవ్వాడు. అప్పుడు చూశాడు, మంజీరుడు ఒక్క చేత్తోనే జూలు పట్టుకుని ఉన్నాడు.

"ఎడమచెయ్యి ఏదీ?"

"ఉంది."

"చూపించు."

కరివీరుడు అతని పంచె మడత తీశాడు. అయిదు వేళ్లు, అరచెయ్యి, మణికట్టు వరకు రాయి. తాళపుచెవులు అరగదీసే ఆ వేళ్ల మీది కాయలు కూడా రాతిలో అలాగే ఉన్నాయి.

"సగం పేరే కదా పలికాడు," అన్నాడు మంజీరుడు. "ఒక మనిషిని రాయి చెయ్యడం కూడా పూర్తిగా చేతకాలేదు వాడికి."

కరివీరుడు ఆ రాతిచేతిని తన చేతిలోంచి వదల్లేదు.

"దండం పోయింది," అన్నాడు. "ఇప్పుడు దీన్నెవరు తీస్తారు?"

"ఆ దండం కూడా వాడిది కాదట. కాపలావాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. నీలకూటం మీద ఒక ముసలమ్మ ఉందట. ఆమెకు శుశ్రూష చేస్తానని చేరి, ఆమె నిద్రపోతుంటే ఎత్తుకొచ్చాడట. దండం చేసినామెకు దీన్ని తీయడం తెలియకపోదు."

"నీలకూటం ఎటు?"

మంజీరుడు కుడిచెయ్యి జూలులోంచి తీసి వెనక్కి చూపించాడు. పడమట, ధూమ్రదుర్గం పొగ అవతల, నీలంగా ఒక కొండకొన. శరభం దూకిన ప్రతి దూకుకూ అది చిన్నదవుతోంది. అతని ఎడమ మణికట్టు దగ్గర బూడిదరంగు గీత మొదట చూసినచోట లేదు. రెండు వేళ్ల వెడల్పు పైకి వచ్చింది.

కరివీరుడు పాకుతూ శరభం మెడ మీదికి చేరాడు. చెవుల వెనక మోకాళ్లు ఆనించి, ఏనుగును తిప్పే పద్ధతిలో ఎడమ మడమతో నొక్కాడు. అది కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కి, గజశాలలో మదమెక్కిన ఏనుగులను కూడా లొంగదీసే గొంతుతో, "తిరుగు," అన్నాడు.

శరభం ఒక శిఖరం మీద ఆగింది. తల వెనక్కి తిప్పి అతని వంక చూసింది. వికటదంష్ట్రుణ్ణీ పక్కనున్న రాయినీ ఒకేలా చూసిన చూపే అది.